కొలరాడోలో మా అబ్బాయి కట్టించుకుంటున్న వేట రైఫిల్‌కు ఏడు వేల డాలర్లు: ఈ డబ్బంతా ఎక్కడికి పోతోంది?

ప్రశ్న: సీతమ్మధార వాసి

అందరికీ నమస్కారం. నేను విశాఖలో ఓడల పనులు చేసే ఒక మెషిన్ షాపులో ఉద్యోగం చేసి రిటైరైనవాడిని. మా రెండో అబ్బాయి కొలరాడోలో స్థిరపడ్డాడు, గ్రీన్ కార్డు వచ్చింది, ఆఫీసు స్నేహితులతో కలిసి ఏటా ఎల్క్ వేటకు వెళ్లడం అలవాటు చేసుకున్నాడు. ఎల్క్ అంటే మన కణుజును పోలిన పెద్ద దుప్పి. ఎదిగిన మగది మూడు క్వింటాళ్లు తూగుతుంది. లైసెన్సు తీసుకుని చేసే చట్టబద్ధమైన వేట అది, ఆ మాంసం నెలల తరబడి ఇంట్లో వండుకుంటారు, కాబట్టి వేట మంచిదా చెడ్డదా అన్న చర్చ ఇక్కడ వద్దని ముందే మనవి చేస్తున్నాను. ఆ చర్చ వాళ్ల అమ్మ ఫోనులో చాలినంత చేస్తోంది.

నా సందేహం ఖర్చు గురించి. ఇంతవరకు స్నేహితుడి రైఫిల్ వాడుకున్న మావాడు, దూరపు గురికి పనికొచ్చేలా విడిభాగాలు తానే ఎంచుకుని, గన్‌స్మిత్ (తుపాకులు కట్టే పనివాడు) చేత సొంత రైఫిల్ కట్టించుకుంటానంటున్నాడు. పంపిన లెక్క ఇలా ఉంది. యాక్షన్, అంటే బోల్ట్ ముందుకూ వెనక్కూ కదిలే ఉక్కు దేహం, 1,400 డాలర్లు; కార్బన్ ఫైబర్ చుట్టిన బ్యారెల్ (గొట్టం) 950; దానికి ఛాంబర్, అంటే తూటా కూర్చునే అర, కోసి, మరలు వేసి, యాక్షన్‌కు బిగించే కూలి 450; ట్రిగ్గర్ 200; భుజానికి ఆన్చుకునే కార్బన్ స్టాక్ 1,000; అడుగు భాగపు లోహం, మ్యాగజైన్ కలిపి 250; గొట్టం మొనకు బిగించి వెనుదన్ను తగ్గించే మజిల్ బ్రేక్ 150; పైపూత 250. ఇక్కడికి 4,650 అయ్యింది. దీని మీద గురి చూసే దుర్భిణి, అంటే స్కోప్, 2,200, దాన్ని పట్టి ఉంచే రింగులు 200, ముందు ఆన్చుకునే బైపాడ్ 200. మొత్తం 7,250 డాలర్లు. డాలరుకు 90 రూపాయల చొప్పున వేసుకుంటే ఆరున్నర లక్షల పైమాట. తూటా 7 ఎం.ఎం. పీఆర్‌సీ అట.

జీవితమంతా లేత్ మీద గడిపినవాడిని కాబట్టి అడుగుతున్నాను. రెండడుగుల ఉక్కు కడ్డీకి నడిమధ్య రంధ్రం వేసి లోపల గాడులు తీసినందుకు ఇంత ధర ఎలా వస్తుంది? కంపెనీలో తయారైన రైఫిల్ వెయ్యి డాలర్లకు దొరుకుతుందని వాడే ఒప్పుకుంటున్నాడు. అలాంటప్పుడు పైన పెట్టే మూడున్నర వేలకు దక్కేదేమిటి? డబ్బు వాడిదే, అడ్డం పడే ఉద్దేశం నాకు లేదు, కానీ ఇంటి అప్పు ఇంకా నడుస్తోంది. సలహా ఇచ్చే ముందు నాకు విషయం తెలియాలి.

జవాబు: గాజువాక నుంచి డెన్వర్

బాబాయి గారూ, నమస్కారం. నేను గాజువాకలో పుట్టి పెరిగినవాడిని, చాలాకాలంగా డెన్వర్ పక్కన ఉంటున్నాను, ఎల్క్ వేటకు నేనూ వెళ్తాను. మీ అబ్బాయి వేసిన ధరలు మార్కెట్‌కు దగ్గరగానే ఉన్నాయి, ఎక్కడా దాచిపెట్టలేదు. అయితే రాయని ఖర్చులు కొన్ని ఉన్నాయి, వాటి దగ్గరికి తరువాత వస్తాను.

బ్యారెల్‌తో మొదలుపెడతాను, మీ అసలు సందేహం అక్కడే ఉంది కనుక. క్రీగర్, బార్ట్‌లైన్ వంటి పేరున్న తయారీదారులు 416ఆర్ రకం స్టెయిన్‌లెస్ కడ్డీకి ముందు లోతు రంధ్రం వేసి, దాన్ని రీమర్‌తో సమం చేసి, ఆపైన ఒకే ఒక్క పంటి కటర్‌ను లోపల తిప్పుతూ లాగుతూ ఒక్కొక్క గాడిని పొర వెంట పొరగా కోస్తారు. ఒక్క లాగుడులో తెగే లోహం అంగుళంలో పదివేలో వంతు స్థాయిలో ఉంటుంది. చివరకు మనిషి చేత్తో లాపింగ్ చేసి, అంటే రుద్ది నునుపు చేసి, లోపలి గోడను సవరిస్తాడు. మీ షాపులో చాలా పనులకు ఒక తౌ (అంగుళంలో వెయ్యో వంతు) తేడా చెల్లిపోయి ఉంటుంది; ఇక్కడ తౌలో పదో వంతు గురించి మాట్లాడుకుంటారు. ఇంత చేసినా మామూలు ఉక్కు బ్లాంక్ (ఛాంబర్ కోయని బ్యారెల్) 400 డాలర్ల చుట్టుపక్కలే దొరుకుతుంది. అది 950కి చేరింది కార్బన్ వల్ల. లోపలి ఉక్కును సన్నగా చెక్కి పైన కార్బన్ చుడితే, అంతే లావున్న పూర్తి ఉక్కు బ్యారెల్ కంటే బరువు బాగా తగ్గుతుంది. అంటే ఆ 550 డాలర్లు ప్రధానంగా బరువు తగ్గించుకోవడానికి పెట్టేవే, గురి కోసం కాదు. పది వేల అడుగుల ఎత్తున ఊపిరి చాలక ఆగి ఆగి నడిచేటప్పుడు అర కిలో కూడా భుజానికి తెలుస్తుందని ఒప్పుకుంటాను, కానీ సన్నని ఉక్కు బ్యారెల్‌తోనూ ఆ బరువు తగ్గుతుంది; వేటలో ఒకటి రెండు తూటాలకు మించి వరుసగా కాల్చం కనుక సన్న బ్యారెల్ వేడెక్కి గురి తప్పిస్తుందన్న భయం కూడా అంతగా పెట్టుకోనక్కర్లేదు.

యాక్షన్ సంగతి వేరు. రెమింగ్టన్ 700 మోడల్ 1962లో వచ్చింది, ఇప్పటి కస్టమ్ యాక్షన్లలో చాలావరకు దాని అమరికనే అనుసరిస్తాయి, అందుకే దానికోసం తయారయ్యే ట్రిగ్గర్లూ స్టాకులూ వీటికీ సరిపోతాయి. డిఫయన్స్, జెర్మాట్ లాంటి సంస్థలు వీటిని కంప్యూటర్ నడిపే సీఎన్‌సీ యంత్రం మీద చెక్కేటప్పుడు బోల్ట్ లగ్గులు (బోల్ట్‌ను పట్టి ఉంచే పళ్లు) రెండూ సమంగా ఆనేలా, మరలూ ముఖమూ బోరూ ఒకే అక్షం మీద నిలిచేలా చూసుకుంటాయి. దీనివల్ల గురితో పాటు ఇంకో లాభం ఉంది. ఒక యాక్షన్‌కూ మరో యాక్షన్‌కూ తేడా అంత తక్కువ కాబట్టి, మోడల్ పేరు చెబితే చాలు, ఛాంబర్ కోసి మరలు వేసిన బ్యారెల్ సిద్ధంగా వస్తుంది. దాన్ని ప్రీఫిట్ అంటారు. మీ అబ్బాయి రాసిన 450 కూలిలో చాలా భాగం దానితో మిగిలిపోతుంది, గన్‌స్మిత్ దగ్గర నెలల తరబడి వరుసలో ఉండే బాధా తప్పుతుంది.

ఇక్కడి ఫెడరల్ చట్టం దృష్టిలో ఆ యాక్షన్ ఒక్కటే తుపాకీ. లైసెన్సు ఉన్న డీలరు దగ్గర ఫారం నింపి, తనిఖీ పూర్తయ్యాకే అది చేతికి వస్తుంది. కొలరాడోలో 2023 అక్టోబరు నుంచి 3 రోజుల నిరీక్షణ కూడా ఉంది. పన్నుల విషయానికి వస్తే, 1937 నాటి పిట్‌మన్–రాబర్ట్‌సన్ చట్టం కింద రైఫిళ్ల మీద, తూటాల మీద తయారీదారు 11 శాతం కడతాడు, ఆ సొమ్ము రాష్ట్రాల వన్యప్రాణి సంరక్షణకు వెళ్తుంది. ఏడాదికి 50 కంటే తక్కువ తుపాకులు చేసే చిన్న గన్‌స్మిత్‌కు మినహాయింపు ఉంది. దీనికి తోడు కొలరాడో ఓటర్లు 2024 నవంబరులో ఆమోదించిన 6.5 శాతం పన్ను 2025 ఏప్రిల్ నుంచి అమ్మకందారుల మీద పడుతోంది. కాగితం మీద కట్టేది అమ్మకందారే అయినా చివరికి భరించేది ఎవరో మీకు నేను చెప్పనక్కర్లేదు.

రాయని ఖర్చులలో పెద్దది తూటా. 7 ఎం.ఎం. పీఆర్‌సీ 2022లో వచ్చిన కొత్త రకం, మంచి రకం, కాదనను. కానీ 20 తూటాల పెట్టె 60, 70 డాలర్లకు తగ్గి దొరకడం కష్టం, అంటే ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ మూడు డాలర్లు దాటి ఖర్చవుతుంది. 300 తూటాలతో సాధన చేస్తే వెయ్యి డాలర్లు ఆవిరి. పైగా ఇలాంటి ఎక్కువ మందు పట్టే తూటాలు బ్యారెల్ గొంతును త్వరగా తినేస్తాయి; 6.5 క్రీడ్‌మోర్ అనే మరో తూటా రకానికి బ్యారెల్ రెండు మూడు వేల తూటాలు నిలబడితే ఇది సుమారు అందులో సగానికే పదును కోల్పోతుంది. అంటే ఆ 950 డాలర్ల బ్యారెల్ స్థిరాస్తి కాదు, కారు టైరు లాంటిది. దూరం కొలిచే లేజర్ రేంజ్‌ఫైండర్ కూడా ఆ పట్టికలో లేదు. అది లేకుండా దూరపు గురి అన్న మాటకు అర్థమే లేదు.

జవాబు: ఎం.వి.పి. కాలనీ షూటర్

నేను ఇక్కడ విశాఖలో పాయింట్ 22 (0.22 అంగుళం బోరు) రైఫిల్‌తో కాగితపు లక్ష్యాలను కాల్చేవాడిని. వేట నాకు తెలియదు, కానీ పైన పెట్టే మూడున్నర వేలకు ఏం దక్కుతుందన్న ప్రశ్నకు అంకెల్లో జవాబు చెప్పవచ్చు.

గురి కచ్చితత్వాన్ని కోణంలో కొలుస్తారు. ఒక మినిట్ కోణం, అంటే డిగ్రీలో అరవయ్యో వంతు, 100 గజాల దగ్గర 1.047 అంగుళం, 500 గజాల దగ్గర ఐదంగుళాల పైచిలుకు. టిక్కా, బెర్గారా వంటి కంపెనీలు తమ రైఫిల్ ఒక మినిట్ లోపు కొడుతుందని హామీ ఇస్తాయి. కస్టమ్ కట్టేవారు సాధారణంగా అర మినిట్ అంటారు. అంటే 500 గజాల దగ్గర మొదటిది ఐదంగుళాల వృత్తంలో, రెండోది రెండున్నర అంగుళాల వృత్తంలో తూటాలను పడేస్తుంది. కేంద్రం నుంచి అంచు వరకు చూసుకుంటే తేడా ఒకటింపావు అంగుళం. మీరు అడిగిన మూడున్నర వేల డాలర్లకు, గురి వరకు చూస్తే, దక్కేది ఇదే.

ఇప్పుడు గాలిని చూడండి. అదే 500 గజాల దగ్గర, గంటకు 10 మైళ్ల అడ్డగాలి ఈ తరహా గుండును సుమారు ఒక అడుగు పక్కకు నెడుతుంది. 10 మైళ్ల గాలిని 5 మైళ్లుగా పొరబడితే ఆరంగుళాలు పోయినట్టే. ఎల్క్ గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు వెడల్పు 15 అంగుళాల చుట్టూ ఉంటుందంటారు, అంటే మధ్య నుంచి అంచుకు ఏడున్నర. ఆరంగుళాల తప్పుకు కంపెనీ రైఫిల్ వృత్తంలో సగం, అంటే రెండున్నర, కలిస్తే గుండు అంచు దాటుతుంది, దుప్పి గాయంతో అడవిలోకి పోతుంది. దూరాన్ని 25 గజాలు తప్పుగా చూస్తే గుండు ఎత్తులో మరో నాలుగంగుళాల తేడా వస్తుంది. ఈ తప్పులలో ఏదీ ఉక్కు వల్ల వచ్చేది కాదు. గాలి కూడా కాల్చేవాడి దగ్గర ఒక రకంగా, లోయ మధ్యలో ఇంకో రకంగా ఉంటుంది. మధ్యలో ఊగే గడ్డిని, దుమ్మును చూసి అంచనా కట్టడం తప్ప దానికి వేరే దారి లేదు.

అందుకని నా సలహా, స్కోప్ డబ్బు మరీ తగ్గించవద్దు. స్కోప్ మీటను పది క్లిక్కులు తిప్పితే ప్రతిసారీ సరిగ్గా పది క్లిక్కులే జరగాలి, తిరిగి సున్నాకు తెస్తే సున్నాకే రావాలి; చవక స్కోపుల్లో మొదట దెబ్బతినేది ఈ గుణమే. రైఫిల్ మీద మిగిల్చిన డబ్బుతో ఒక పాయింట్ 22 రైఫిల్ కొని, పది సెంట్ల తూటాలతో 100 గజాల నుంచి 200 గజాల దాకా గాలిలో కాల్చమనండి. ఆ చిన్న గుండును గాలి ఎంత ఆడిస్తుందంటే, పెద్ద రైఫిల్‌తో 500 గజాల దగ్గర నేర్చుకోవలసినది అక్కడే చాలా వరకు వస్తుంది, భుజం నొప్పి కూడా ఉండదు.

జవాబు: మధురవాడ నుంచి

విషయం కొంచెం పక్కకు పోతున్నందుకు మన్నించండి. మా అల్లుడు హెచ్-1బి వీసా మీద టెక్సాస్‌లో ఉన్నాడు, అతనికీ ఇలాంటి ఆలోచనే ఉంది. గ్రీన్ కార్డు లేనివారు అక్కడ రైఫిల్ కొనవచ్చా?

జవాబు: గాజువాక నుంచి డెన్వర్

మామూలుగా అయితే కొనకూడదు. వలసేతర వీసా మీద ఉన్నవారు తుపాకీ గానీ తూటా గానీ కలిగి ఉండడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. ఆ నిషేధానికి ఉన్న కొద్ది మినహాయింపులలో ఒకటి, ఏదైనా ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉండడం. డీలరు దగ్గర నింపే 4473 ఫారంలోనే ఈ ప్రశ్న ఉంటుంది, రుజువు చూపాలి. ఆ లైసెన్సు గడువు మధ్యలో ముగిసిపోతే ఇంట్లో ఉన్న తుపాకీయే నేరానికి ఆధారమవుతుంది, దాని వల్ల వీసాకూ ముప్పు వస్తుంది. మీ అల్లుడు గారిని స్నేహితుల మాట మీద నడవకుండా వలస చట్టం తెలిసిన వకీలును ఒకసారి అడగమనండి.

ప్రశ్న వేసినవారు: సీతమ్మధార వాసి

ఇంత ఓపికగా రాసినందుకు ఇద్దరికీ కృతజ్ఞతలు. గాలి లెక్క చదివాక రాత్రి మావాడికి ఫోన్ చేసి, 10 మైళ్ల గాలికి గుండు ఎంత జరుగుతుందో చెప్పమన్నాను. తడుముకోకుండా చెప్పాడు, కాబట్టి ఆ విషయంలో నాకు కొంత నమ్మకం కుదిరింది.

అయితే మొదటి సందేశంలో ప్రస్తావించని సంగతి ఒకటి ఉంది. మావాడిది ఎడమచేతి వాటం. స్నేహితుడి రైఫిల్ కుడిచేతివారిది. ఒక తూటా కాల్చాక ఎడమచేతిని ట్రిగ్గర్ మీద నుంచి తీసి, స్కోప్ మీదుగా అవతలికి చాచి బోల్ట్ లాగాల్సి వస్తోందని, అప్పటికి చెంప స్టాక్ మీద నుంచి లేచిపోయి జంతువు స్కోప్‌లో కనబడకుండా పోతోందని అన్నాడు. కట్టించుకోవాలన్న పట్టుదల వెనుక ఇది కూడా ఉందేమో.

ఇంకో రెండు సందేహాలు. వెయ్యి డాలర్ల కార్బన్ స్టాక్ బదులు మంచి కర్రతో ఇక్కడే చేయించి పంపితే ఎలా ఉంటుంది? ఏటికొప్పాకలో లక్కబొమ్మలు చేసేవారి చేతి పని నేను దగ్గర నుంచి చూశాను, ఆ నునుపు ఏ యంత్రానికీ రాదు. రెండోది, ఎప్పుడైనా మావాడు శాశ్వతంగా తిరిగి వచ్చేస్తే ఆ రైఫిల్‌ను వెంట తెచ్చుకోవచ్చా?

జవాబు: హ్యూస్టన్ విశాఖవాసి

పై ఇద్దరి మాటల్లో నిజం ఉంది కానీ, కస్టమ్ రైఫిల్‌ను కేవలం గురి అంగుళాలతో తూచడం నాకు సమ్మతం కాదు. షూటర్ గారి లెక్కనే తీసుకుందాం. గాలి వల్ల ఆరంగుళాల తప్పు, కంపెనీ రైఫిల్ వృత్తంలో సగం రెండున్నర, మొత్తం ఎనిమిదిన్నర. గుండు బయటికి పోయింది. అదే అర మినిట్ రైఫిల్ అయితే ఆరుకు ఒకటింపావు కలిసి ఏడుంపావు. ఏడున్నర లోపే ఉంది, జంతువు అక్కడే పడుతుంది. అంటే ఆయన తీసుకున్న ఉదాహరణలోనే ఆ ఒకటింపావు అంగుళం దుప్పిని గాయపడనివ్వకుండా కాపాడింది.

దానికంటే ముఖ్యమైనది ఒంటికి అమరడం. స్టాక్ పొడవు, చెంప ఆనే ఎత్తు, ట్రిగ్గర్ బరువు, బోల్ట్ ఏ వైపు అన్నవి మనిషిని బట్టి ఉంటే, తల ప్రతిసారీ ఒకే చోట ఆనుతుంది, స్కోప్‌లో నల్లని నీడ పడదు. ఎడమచేతివాటం వారికి ఇది విలాసం కింద రాదు. కట్టించుకున్న రైఫిల్‌లో బ్యారెల్ అరిగితే కొత్తది వేయించుకోవచ్చు. యాక్షన్, ట్రిగ్గర్, స్టాక్ పిల్లల కాలం దాకా నడుస్తాయి. అయితే ఒక్క హెచ్చరిక. కట్టించుకున్న రైఫిల్‌ను అమ్మబోతే పెట్టిన డబ్బులో పెద్ద భాగం రాదు, ఎందుకంటే ఒకరి ఒంటికి అమరినది రెండోవారికి అమరదు. మూడేళ్లలో మోజు తీరిపోయే స్వభావమైతే ఈ పని పెట్టుకోకూడదు. ఆ సంగతి తండ్రిగా మీకే తెలుస్తుంది.

జవాబు: ఎం.వి.పి. కాలనీ షూటర్

హ్యూస్టన్ మిత్రులు చేసిన కూడిక సరైనదే, ఒప్పుకుంటున్నాను. కానీ ఆ లాభం 5 మైళ్ల పొరపాటు వరకే. గాలిని 7 మైళ్లు తప్పు చూస్తే ఎనిమిది అంగుళాలకు పైగా పక్కకు పోతుంది, అప్పుడు ఏ రైఫిలూ ఆదుకోదు. పైగా అదే 300 గజాల దగ్గర అయితే గాలి నెట్టేది నాలుగైదు అంగుళాలకు మించదు, వెయ్యి డాలర్ల రైఫిల్ కూడా చాలినంత చోటు మిగుల్చుకుని కొడుతుంది. మరో రెండు వందల గజాలు దగ్గరికి నడిచి వెళ్లడానికి ఖర్చేమీ లేదు.

జవాబు: గాజువాక నుంచి డెన్వర్

బాబాయి గారూ, ఎడమచేతి వాటం అన్నారు కాబట్టి నా మాటను కొంత సవరిస్తాను. టిక్కా టీ3ఎక్స్‌లోనూ, సావేజ్‌లోనూ ఎడమచేతి మోడళ్లు ఉన్నాయి, కనుక కట్టించుకోవడమే దిక్కు అనలేము. పైగా టిక్కా తేలికపాటి మోడల్ సుమారు మూడు కిలోలే ఉంటుంది, వేల డాలర్ల కార్బన్ రైఫిళ్లలో కూడా కొన్ని దానికంటే పెద్దగా తేలికగా ఉండవు. అయితే ఎడమచేతి మోడళ్లు అన్ని తూటాలకూ, అన్ని పొడవుల్లోనూ దొరకవు. దుకాణానికి వెళ్లి చేత్తో పట్టుకుని చూద్దామంటే షెల్ఫులో ఉండవు, తెప్పించుకోవాలి.

ఈ పరిస్థితిలో నేనైతే నడిమి దారి పడతాను. ఎడమచేతి కస్టమ్ యాక్షన్ 1,200, ప్రీఫిట్ ఉక్కు బ్యారెల్ 550, ట్రిగ్గర్ 200, ఫైబర్‌గ్లాస్ స్టాక్ 600, మ్యాగజైన్ సరంజామా 200 అనుకుంటే 2,750 అవుతుంది. స్కోప్‌కు 1,500, రింగులకు 150 కలిపితే 4,400. మీ అబ్బాయి అనుకున్న మొత్తంలో ఇంకా 2,850 చేతిలో ఉంటుంది, దాంట్లో రేంజ్‌ఫైండరూ, ఏడాది సాధనకు తూటాలూ వచ్చేస్తాయి. బైపాడ్ బదులు వీపు సంచిని నేల మీద పెట్టి దాని మీద ఆన్చి కాల్చేవారు మాలో చాలామంది ఉన్నారు. పైపూత అందానికీ తుప్పు పట్టకుండా ఉండడానికీ. స్టెయిన్‌లెస్ అయితే దాని అవసరం ఇంకా తక్కువ.

బ్రేక్ గురించి ఒక మాట. అది వెనుదన్నును బాగా తగ్గిస్తుంది కానీ చప్పుడును పక్కలకూ వెనక్కూ తిప్పుతుంది. వేటలో చెవులకు రక్షణ పెట్టుకునే వ్యవధి దొరకని క్షణాన ఒక్క తూటా చాలు, చెవి గింగురుమంటుంది. బ్రేక్ బదులు మొనకు బిగించి చప్పుడు తగ్గించే సప్రెసర్‌కు 800 నుంచి వెయ్యి డాలర్లు అవుతాయి. దాని మీద 1934 నుంచి ఉన్న 200 డాలర్ల ఫెడరల్ పన్ను 2026 జనవరి 1 నుంచి సున్నా అయ్యింది, నమోదు ప్రక్రియ మాత్రం అలాగే ఉంది. మీ అబ్బాయి బ్రేక్‌కూ పైపూతకూ పెట్టదలచిన 400 డాలర్లను అటు మళ్లించమని నా సలహా.

చివరగా, 7 ఎం.ఎం. పీఆర్‌సీని తేలిక రైఫిల్‌లో పెడితే భుజానికి గట్టిగా తగులుతుంది. నొప్పికి భయపడి ట్రిగ్గర్ నొక్కే ముందు కన్ను మూసే అలవాటు ఒకసారి పడిందంటే వదిలించుకోవడానికి చాలా కాలం పడుతుంది. 500 గజాల లోపే కాల్చేటట్లయితే 2018లో వచ్చిన 6.5 పీఆర్‌సీ కూడా ఎల్క్‌కు సరిపోతుంది, దన్ను తక్కువ. కొలరాడో నిబంధన ప్రకారం ఎల్క్‌కు కనీసం పాయింట్ 24 క్యాలిబర్ (0.24 అంగుళం బోరు), 85 గ్రెయిన్ల బరువున్న గుండు ఉండాలి. ఇది దానికి చాలా పైనే ఉంది.

జవాబు: ఎం.వి.పి. కాలనీ షూటర్

కర్ర గురించీ, తిరిగి తేవడం గురించీ అడిగారు. ఏటికొప్పాక బొమ్మలకు వాడే అంకుడు కర్ర మెత్తనిది, చెక్కడానికి సుకరం, అందుకే ఆ పనికి అంత బాగా ఒదుగుతుంది. రైఫిల్ దన్నుకు అది నిలవదు. రైఫిల్ స్టాకులకు సంప్రదాయంగా వాడేది వాల్‌నట్, అది కూడా తేమకు ఉబ్బి ఎండకు ముడుచుకుని యాక్షన్ మీద ఒత్తిడి మారుస్తుంది కాబట్టే ఇప్పుడు చాలామంది ఫైబర్‌గ్లాస్‌కూ కార్బన్‌కూ మారారు. దానికంటే పెద్ద అడ్డంకి చట్టం. 1959 నాటి ఆయుధాల చట్టంలో తుపాకీ అన్న నిర్వచనం దాని భాగాలకు కూడా వర్తిస్తుంది, తయారీకి లైసెన్సు తప్పనిసరి. ఆటోనగర్‌లో పనిచేసే తెలిసినవారి చేత చిన్న భాగం ఒకటి చేయిద్దామన్న ఆలోచన సరదాకు కూడా పెట్టుకోవద్దు.

తిరిగి తేవడం కూడా లైసెన్సు, దిగుమతి అనుమతి లేకుండా సాధ్యం కాదు. 2019 సవరణతో లైసెన్సుదారుడు ఉంచుకోగల తుపాకులను మూడు నుంచి రెండుకు తగ్గించారు. తెచ్చినా ఇక్కడ దానితో చేయగలిగింది చాలా తక్కువ. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 9వ సెక్షన్ వేటను నిషేధిస్తోంది, కంబాలకొండ అభయారణ్యం పక్కనే ఉన్నా మనకు అది చూడడానికే. వచ్చేసే రోజు వస్తే అక్కడే అమ్ముకుని రావడం మేలు. మీకు గురి సరదా ఉంటే 4.5 ఎం.ఎం. బోరులో 20 జౌల్‌ల లోపు శక్తి గల ఎయిర్ రైఫిల్‌కు మన దేశంలో లైసెన్సు అక్కర్లేదు, పది మీటర్ల దూరం మేడ మీదనే కుదురుతుంది. వెనుక గట్టి అడ్డు మాత్రం ఉండాలి.

మీ అబ్బాయి సెలవులకు విశాఖ వచ్చే ముందు చూసుకోవలసింది ఒకటి చెప్పండి. షూటింగ్ రేంజికీ వేటకూ వాడే సంచిని ప్రయాణానికి వాడకూడదు. అడుగు అరలో మర్చిపోయిన ఒక్క తూటా వల్ల మన విమానాశ్రయాల్లో ఎక్స్‌రే దగ్గర ఆగిపోయి పోలీసు కేసు దాకా వెళ్లినవారు ఉన్నారు. కాల్చేసిన ఖాళీ తొడుగు దొరికినా విచారణ తప్పదు. జాకెట్ జేబులు, పిల్లల సామాను పెట్టే అరలు కూడా ఒకసారి తిరగేసి దులపమనండి.